ఏనుగు పెట్టిన మట్టిబొట్టు

సాయంత్రం వేళ. సన్నగా జల్లు పడుతోంది. అనగనగా ఒక అడవిలో, ఆ జల్లులోనే, కొత్త పెద్దను ఎన్నుకుంటున్నారు.

అక్కడ ఓటంటే ఉసిరికాయ. నచ్చినవారి గుంటలో వెయ్యాలి. కోతి లెక్కపెడుతుంది. చివరకు ఓడినవారే గెలిచినవారి నుదుట మట్టిబొట్టు పెట్టాలి. అది పడేదాకా గెలిచినట్టు కాదు.

కిందటిసారి ఓడిన దున్న బొట్టు పెట్టనంది. కొట్లాటైంది. ఆ తొక్కిసలాటలో అడవిపంది కందమ్మ పెద్దకొడుకు పోయాడు.

ఈసారి పోటీ ఏనుగు బరువయ్యకూ, ఏదుపంది సూదమ్మకూ. "చూసొస్తామమ్మా" అంటూ కందమ్మ ముగ్గురు పిల్లలూ గుంపులో దూరిపోయారు.

"సూదమ్మ గెలిచింది! నాలుగే కాయలు ఎక్కువ!" అని కోతి అరిచింది.

"మళ్లీ లెక్కపెట్టు" అన్నాడు బరువయ్య.

పెట్టింది. అదే లెక్క.

"బొట్టు పెట్టకు అన్నా! నువ్వు కాలు మోపితే ఆ గుంటలే ఉండవు" అన్నాడు తమ్ముడు ఏనుగు.

"ఆ ముళ్లదానికి తల వంచుతావా? పరువేం కాను?" అంది నక్క.

"ఊఁ అను చాలు. మిగతాది మేం చూసుకుంటాం" అంటూ దున్న కొమ్ములు వంచింది.

కందమ్మ గుంపులోకి తొంగిచూసింది. పిల్లలు ఆ ఏనుగుల కాళ్ల మధ్యే ఉన్నారు.

బరువయ్య కిందికి చూశాడు. వానకు తడవకుండా ఒక పందిపిల్ల తన పొట్టకింద నిలబడి ఉంది.

"తమ్ముడూ, మెల్లగా వెనక్కి జరుగు. కింద పిల్లలున్నారు" అన్నాడు. "ఆ కాయలు వేసింది మనవాళ్లే కదరా. వాళ్లను తొక్కేసి ఎవరికి పెద్దనవుతాను?"

తొండంతో ఇంత మట్టి తీసుకుని సూదమ్మ ముందు నిలబడ్డాడు.

"జాగ్రత్త మామా, గుచ్చుకుంటాయి" అంది సూదమ్మ, ముళ్లు ముడుచుకుంటూ.

"గుచ్చుకోవాల్సింది ఆ కాయల దగ్గరే గుచ్చుకుందిలే అమ్మా!"

దున్న కూడా నవ్వేసింది. బొట్టు పడింది.

"ఇక చెప్పమ్మా, ముందు ఏం చేద్దాం?" అన్నాడు బరువయ్య.

"చీకటి పడకముందే పిల్లల్ని ఇళ్లకు చేర్చుదాం మామా. నువ్వు తోడుండు."

కందమ్మ ముందే వచ్చి తన ఇంటి పొద ముందు నిలబడింది. చిన్నది వచ్చింది. ఒకటి. నడిపివాడు వచ్చాడు. రెండు. తర్వాత చాలాసేపు వాన ఒక్కటే. అప్పుడు బరువయ్య వచ్చాడు. పొట్టకింద మూడోది, ఒళ్లు తడవకుండా.

మూడు.

కందమ్మ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంది.

నీతి: ఓటమిని ఒప్పుకుని, అందరినీ క్షేమంగా ఇంటికి చేర్చినవాడు ఓడినా పెద్దవాడే.