ఏడాదికొక్క రోజు మూసే తలుపు

ఏ కాలేజీ గడపా తొక్కకుండా చట్టం నేర్చుకున్నానన్న వినయం నాకు మొదటినుంచీ ఉంది. ఆ వినయం సంగతి అడగనివాళ్లకి కూడా చెప్పేవాణ్ణి.

ఆ రోజుల్లో భీమిలి దగ్గర సముద్రపొడ్డున మా గురువు లతీఫ్ బాబాగారి తకియాలో ఉండేవాణ్ణి. ఫకీరు బస, రెండు గదులు, పెరడు, చుట్టూ మట్టిగోడ. తెల్లారగానే పడవల దగ్గర్నుంచి ఆడవాళ్లు చేపల తట్టలతో మా పెరట్లోంచే బజారుకి పోయేవారు. చుట్టూ తిరిగితే ఉప్పుమళ్ల గట్టు మీంచి పోవాలి. ఈలోపు ఎండెక్కి చేప మెత్తబడుతుంది, బేరం పోతుంది.

నా బెంగ వేరు.

"ఏళ్లతరబడి ఇలా నడవనిస్తే అది వాళ్ల హక్కయిపోతుంది బాబా. ఏడాదికొక్క రోజు తలుపు మూస్తే చాలు, మిగతా రోజులు మన సెలవు మీద నడిచినట్టు. దారి మన చేతిలోనే ఉంటుంది."

బాబాగారు దూరంగా లంగరేసిన ఓడల్ని చూస్తున్నారు. "అవి ఎవరి దారిలో ఉన్నాయి లాయరూ?"

"నేలమీద రోడ్డంటే నడవడానికి బాబా, అడ్డంగా ఆగితే తప్పు. సముద్రం మీద మాత్రం ఇంగ్లీషువాళ్లు రోడ్డని ఓడలు లంగరేసి ఆగే చోటునే అంటారు. అందరిదీ." నా గొంతు నాకే ముద్దొచ్చింది.

"దానికి ఏడాదికొక రోజు తలుపెవరేస్తారు?"

"సముద్రానికి తలుపేంటి బాబా" అని నవ్వాను. ఆయనా నవ్వారు. ఒప్పుకున్నారనుకున్నాను.

మర్నాడు పెరటి తలుపు గడియ పెట్టాను. చేపల తట్టతో ముందొచ్చింది మరిడమ్మ.

"ఏటి బాబూ, నిన్న లేని గడియ ఇయ్యాల మొలిసిందేటి?"

"ఈ ఒక్కరోజే మరిడమ్మా. చట్టం."

"ఆ సట్టమేదో సేపకి సెప్పు బాబూ. ఈ ఒక్కరోజుకీ కుళ్లకుండా ఉంటదేమో."

గోడ మీంచి చూస్తే, సముద్రస్నానం చేసి తడిలుంగీతో వచ్చిన బాబాగారు ఆడవాళ్ల వెనకాల నిలబడి ఉన్నారు. గబగబా గడియ తీశాను. "మీరు రండి బాబా."

"నాది హక్కా, నువ్విచ్చిన సెలవా?"

నేను చదివిన పుస్తకాలన్నీ ఒక్కసారి తిరగేసుకున్నాను. ఆయన ఆగలేదు. భుజం మీది తువ్వాలు చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, మరిడమ్మ వద్దువద్దంటున్నా ఆమె తట్ట ఎత్తుకుని ఉప్పుమళ్ల వైపు సాగిపోయారు. ఆడవాళ్లు ఆయన వెంట నడిచారు.

తలుపు బార్లా తెరిచి పరుగెత్తాను. గట్టు మీద అందుకునేసరికి చేపనీళ్లు ఆయన గడ్డంలోంచి కారుతున్నాయి.

"తీసేశాను బాబా. వెనక్కి రండి."

"సగం దూరం వచ్చేశాం. తట్ట అందుకో."

బాబాగారు ఇప్పుడు లేరు. ఆ గోడా లేదు, దారి మాత్రం ఉంది. ఓడలు అక్కడే ఆగుతున్నాయి.

ఆ రోజు రెండు చేతులా పట్టుకున్నా నా నెత్తిమీది తట్ట ఒరిగి, బజారుదాకా నా చెవుల్లోకి నీళ్లు కారుతూనే ఉన్నాయి. మరిడమ్మలా చేతులొదిలేసి, తట్ట పట్టుకోకుండా నడవడం నాకు ఇప్పటికీ రాలేదు.