బోసినోటి పులి, బొప్పాయి పాలు

పాపికొండల వెనక ఎవరో పోడు కొట్టి, నాలుగు గింజలు పండించుకుని, వదిలేసి పోయిన చెలక ఒకటుంది. మనుషులు పోయారు గానీ వాళ్ళు తిని ఉమ్మిన గింజలు పోలేదు. బొప్పాయి చెట్లు గుంపుగా మొలిచి విరగకాశాయి. ఆ చెలకకు దిగువన ఒక ముసలి పులి, దాన్ని అంటిపెట్టుకుని జిత్తయ్య అనే నక్క ఉండేవాళ్ళు.

జిత్తయ్యకు వేట రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. పులి తినగా మిగిలింది తినడం, తిన్నందుకు పొగడడం, ఈ రెండిటి మీదే వాడి బతుకు నడిచేది. అలాంటిది ఆ వేసవిలో పులికి పళ్ళన్నీ ఊడాయి. పంజా దెబ్బకు దుప్పి ఇంకా కూలుతోంది గానీ ముక్క ఊడి రావడం లేదు. పోనీ ఇంకొకర్ని తిననిస్తుందా అంటే అదీ లేదు. కుళ్ళి కంపు కొట్టేదాకా దానిమీదే పడుకుని గుర్రుమంటుంది. జిత్తయ్య డొక్కలు వీపుకు అంటుకుపోయాయి.

ఒక సాయంత్రం వాడు కాళ్ళీడ్చుకుంటూ బొప్పాయి చెట్ల కిందికి వచ్చాడు. పైన తలకిందులుగా వేలాడుతున్న ముసలి గబ్బిలం నాలుక బయటపెట్టి విలవిల్లాడుతోంది.

"ఏమైందత్తా?"

"పచ్చికాయ కొరికాను అల్లుడూ. పాలు తగిలి నాలుక పొక్కిపోయింది. ఆ పాలు మాంసాన్ని కోస్తాయి. నాలుకా మాంసమే కదా!"

జిత్తయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. "మాంసాన్ని కోస్తాయా? పళ్ళు లేకుండానే?"

"కత్తి లేకుండా, చప్పుడు లేకుండా. మాంసం ఎలాగూ ఎన్నాళ్ళకో మెత్తబడుతుంది. ఈ పాలు ఆ పనినే పొద్దున మొదలెట్టి మధ్యాహ్నానికి తేల్చేస్తాయి. కానీ మాంసం జోలికే పోతాయి. కొవ్వు మీద పోస్తే కొవ్వు కొవ్వులానే ఉంటుంది. ఏ తాళానికి ఆ తాళంచెవే."

"మరి ఎన్ని కుండల పాలు కావాలి?"

"కుండలెందుకురా పిచ్చివాడా! పెళ్ళిళ్ళ పేరయ్య ఇటువాళ్ళనీ అటువాళ్ళనీ కలిపి, తాను మాత్రం ఎలా వచ్చినవాడు అలాగే ఇంకో ఇంటికి పోడూ? ఇదీ అంతే. కాకపోతే కలపదు, విడగొడుతుంది. ఒక ముక్క తెగ్గానే పక్క ముక్క మీదికి పోతుంది. తాను తరిగిపోదు. అయితే నిప్పు తగలనివ్వకు. పక్క కొండ మీద పోడు తగలబెట్టిన ఏడాది సెగకు ఉడికిపోయిన కాయలు కొరికాను, నాలుక చుర్రుమంటే ఒట్టు! ఒకసారి ఉడికాయా, మళ్ళీ చల్లార్చినా ఆ పాలకు పని చేతకాదు."

బళ్ళో మన పిల్లలు ఎంజైములని చదువుకునేవి ఇవే. మన నోట్లో ఊరే లాలాజలంలోనూ, కడుపులోనూ ఇలాంటివే కూర్చుని అన్నం ముద్దను ఒంటికి పట్టిస్తున్నాయి. అడవిలో వీటికి పేరు లేదు. జిత్తయ్యకు పేరుతో పనీ లేదు.

మర్నాడు వాడు చెలకలో దొరికిన సగం పగిలిన కుండలోకి కాయల పాలు కార్చి తెచ్చాడు. దుప్పి మాంసాన్ని గోళ్ళతో గీరి, ఆ గీతల్లో పాలు పూసి, మధ్యాహ్నం దాకా పులిని బతిమాలి ఆపాడు. తర్వాత పులి చిగుళ్ళతో నొక్కితే ముక్క వెన్నలా ఊడొచ్చింది. ఆకలి తీరాక ఆ ముసలిదాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఒరే, ఇదేం మంత్రంరా?"

"మంత్రం కాదు దొరా, నా చేతి మహిమ!" అన్నాడు జిత్తయ్య. చెట్టు సంగతి మింగేశాడు.

ఆ రోజు నుంచి వాడి నడకే మారిపోయింది. కుందేళ్ళు ఎదురైతే పక్కకు తప్పుకోమనేవాడు. కానీ ఒక చిక్కొచ్చిపడింది. పళ్ళున్న రోజుల్లో పులి పీచుముక్కలు వదిలేసేది. ఇప్పుడన్నీ మెత్తనివే, అన్నీ తనకే. జిత్తయ్యకు మిగిలింది కొమ్ములూ గిట్టలూ.

"నా వాటా దొరా?"

"రేపు చూద్దాంలే."

ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. తన అవసరమేంటో దొరకు తెలిసొచ్చేలా చెయ్యాలనుకున్నాడు వాడు. పక్క కొండ మీద కొత్త పోడు కాలుతోంది. పాలకుండను తీసుకుపోయి నిప్పుల్లో పెట్టాడు. పాలు కుతకుత ఉడికాయి. చల్లారాక తెచ్చి, పులి ఎదుటే శ్రద్ధగా మాంసానికి పూశాడు. పొద్దు వాలినా ముక్క కదల్లేదు.

"ఏరా, నీ మహిమ ఏమైంది?"

"కడుపు మాడితే చెయ్యి మాట వినదు దొరా. సగం నాకు వదిలి చూడండి, రేపు ఎలా పనిచేస్తుందో!"

పులి పక్కకు జరిగింది. జిత్తయ్య తొడ మాంసమంతా కడుపారా తిన్నాడు. పులిని ఆడించే తాడు తన చేతికి చిక్కిందనుకున్నాడు. నాకు వాణ్ణి తలుచుకుంటే జాలి వేయదు, ఒళ్ళు మండుతుంది. పులి పస్తుండి పక్కకు జరిగితే అది భయమనుకున్న వెధవ!

ఆ ముసలిదానికి పోయింది పళ్ళు, చూపు కాదు. తెల్లారి వాడు కుండ పట్టుకుని బయల్దేరితే గడ్డిలో నక్కుతూ వెనకే వచ్చింది. చెట్టును చూసింది, కాయలను గీరడం చూసింది. జిత్తయ్య వెనక్కి తిరిగేసరికి పులి ఎదురుగా నిలబడి, ఒక కాయను గోరుతో గీసి కారుతున్న పాలను చూస్తోంది.

"చేతి మహిమ అన్నావు?"

"అంటే... దొరా... పూసే వాడుండాలి కదా! ఈ పాలెలాగో నేనూ అలాగే. మీ పని చేసిపెట్టి నా మానాన నేనుంటాను. నేను లేకపోతే మీకు తిండేది?"

"నా గోరుకీ పాలు కారుతున్నాయిరా. నిన్న నన్ను పస్తు పెట్టావు చూడు, అదే చెయ్యి పూసినా ముక్క కదల్లేదు. అప్పుడు తెలిసింది, పని చేసేది నువ్వు కాదని."

పంజా వీపు మీద పడింది. కుండ బద్దలై పాలన్నీ జిత్తయ్య ఒంటి మీదే ఒలికాయి.

"అత్తా! నువ్వైనా చెప్పవే!" అని అరిచాడు వాడు.

"ఏం చెప్పను అల్లుడూ," అంది గబ్బిలం, "ఎవరి మాంసమని ఆ పాలు అడగవుగా."

మధ్యాహ్నం దాకా పులి వాడి కళేబరం పక్కనే నీడలో ఓపిగ్గా కూర్చుంది. తర్వాత తినడం మొదలుపెట్టింది. ఆ వేసవికే పోవలసిన పులి ఇంకా చాలా వేసవులు బతికింది. అన్నాళ్ళూ ఆ అడవిలో దుప్పులు తమ పిల్లల్ని పోగొట్టుకుంటూనే ఉన్నాయి, జిత్తయ్యను తిట్టుకుంటూనే ఉన్నాయి.

నీతి: పళ్ళూడిన పులికి తినే దారి చూపించేవాడు, తన ఒంటి మీదున్నదీ మాంసమేనని ముందుగా తెలుసుకోవాలి.