బుర్రావారి బ్రేకు

మా వీధిలో బుర్రావారిని సలహా అడక్కపోతే వాళ్ళకి కోపం. ఇంటిపేరులోనే బుర్ర ఉంది, మాకు వేరే ఎందుకని ఇంటిపెద్ద పాపయ్య మీసం దువ్వుతాడు. నిజమే, వేరే లేదు.

ఆయన కొడుకు వరహాలుకి నలభై దగ్గరపడినా పిల్ల కుదర్లేదు. చివరికి కొండ దిగువ ఊరి నుంచి అప్పలస్వామి కబురంపాడు. "మా పిల్లని చూసి వెళ్ళండి. మాది గుట్టుగా బతికే ఇల్లు, గోల పడదు." ఈ సంబంధమూ తప్పితే వరహాలు ఇక జన్మంతా బ్రహ్మచారే.

అంతే, ఇంట్లో గాభరా. వాళ్ళ పాత కారు బ్రేకు తొక్కితే కీచుమని వీధంతా ఉలిక్కిపడుతుంది. మెకానిక్కుకి చూపిస్తే, "ప్యాడ్లు అరిగాయండి, అందుకే అరుస్తోంది. మార్చేద్దాం" అన్నాడు.

"అరిచినంత మాత్రాన మార్చేస్తారా? మా ఆయన ముప్పయ్యేళ్ళుగా అరుస్తున్నాడు, మార్చానా? గొంతెండి ఉంటుంది, తడిపితే సరి" అంది వరహాలు తల్లి నూకాలమ్మ. ఇంకేముంది, నువ్వులనూనె డబ్బా తెచ్చి నాలుగు చక్రాల బ్రేకుల్లోనూ పోశారు. వాకిట్లోనే బ్రేకు తొక్కి చూశారు. కిక్కురుమనలేదు. మెకానిక్కు చదువు దండగని తేల్చేసి తల్లీ తండ్రీ కొడుకూ బయల్దేరారు.

కొండ దిగుతూనే అప్పలస్వామి ఇల్లు. వరహాలు బ్రేకు తొక్కాడు. అరవలేదు. కారూ ఆగలేదు. గుమ్మంలో పిల్ల, చుట్టాలు నిలబడి ఉంటే, వాళ్ళ ముందు నుంచి పోతూ ముగ్గురూ దండం పెట్టారు. మర్యాద తెలిసినవాడు కదా, వరహాలు స్టీరింగు వదిలేసి రెండు చేతులూ జోడించాడు. అంతే, కారు వెళ్ళి గడ్డిమేటులో దూరింది.

అప్పలస్వామి గడ్డి పీకి అడిగాడు. "బ్రేకు లేదా బాబూ?"

"ఉందండి. మీకు గోల పడదని నోరు నొక్కాం" అన్నాడు పాపయ్య.

అప్పలస్వామి తల పట్టుకున్నాడు. పిల్ల మాత్రం నవ్వి నవ్వి, ఈ అబ్బాయే కావాలంది. "సరే, దాని ఖర్మ. ఈసారి అరిచే బ్రేకుతోనే రండి, ప్రాణాలతో వస్తే చాలు. తాంబూలాలు పుచ్చుకుందాం" అన్నాడు అప్పలస్వామి.

మెకానిక్కు నూనె కడిగి, కొత్త ప్యాడ్లు వేశాడు. బ్రేకు తొక్కినచోట కారు ఆగుతోంది, చప్పుడు లేదు. బుర్రావారు డీలా పడ్డారు.

"అరిచే బ్రేకుతో రమ్మన్నారు. ఇది అరవదే. ఏ మొహం పెట్టుకుని వెళ్తాం?" అన్నాడు పాపయ్య.

ఇంకేముంది, ప్యాడ్లు అరిగేదాకా వీధిలో బ్రేకు తొక్కుతూనే తిరిగారు. పిల్లవారి కబురు మీద కబురొచ్చింది. ఇంకా అరవలేదండి, ఆగండి అని చెప్పి పంపారు. కొన్నాళ్ళకి కబుర్లే ఆగిపోయాయి. రెండేళ్ళకి కాబోలు, బ్రేకు కీచుమంది. వెంటనే తాంబూలం పళ్ళెం పట్టుకుని వెళ్ళారు.

అప్పలస్వామి ఇంట్లో బారసాల. పిల్ల ఒళ్ళో పసివాడు.

వరహాలు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, సంతోషంతో. "ఎంత ముందుచూపు నాన్నా వీళ్ళకి. తాంబూలాలైనా కాలేదు, అప్పుడే నాకు కొడుకుని కూడా సిద్ధం చేశారు."