గవర్రాజు వాటా తాడిచెట్టు

సముద్రానికి కాస్త ఎడంగా, ఇసుక దిబ్బల మీది జీడితుప్పల్లో నాంచారమ్మ అనే ముళ్లపంది, గవర్రాజు అనే నక్క పక్కపక్క బొరియల్లో కాపురముండేవారు. ఇద్దరిదీ పడుచు వయసు. గవర్రాజు గెంతితే రెండు తుప్పలు ఒక్కసారే దాటేవాడు. ఆ గెంతు నలుగురూ చూడాలని పని లేకపోయినా గెంతేవాడు. నాంచారమ్మ మాత్రం నేల చూసుకుంటూ నడిచేది.

భాద్రపదంలో దిబ్బ కింద ముసలి తాడిచెట్ల నుంచి పళ్లు దబ్బుదబ్బున రాలేవి. పంటి సందుల్లో పీచు ఇరుక్కునేదాకా ఇద్దరూ తినేవారు. తిన్నాక నాంచారమ్మ రెండు మూడు టెంకలు దొర్లించుకొచ్చి తన గుమ్మం ముందు పాతేది. అది చూస్తే గవర్రాజుకు నవ్వాగేది కాదు.

"ఇవెప్పుడు చెట్లయ్యేను, ఎప్పుడు కాసేను? అప్పటికి నువ్వెక్కడో, నేనెక్కడో!"

"నేనిక్కడే ఉంటాను తమ్ముడూ. కాళ్లే ఉండవు."

వాళ్ల తాత సంగతి కూడా చెప్పింది. కాళ్లు పడిపోయాక ఆయన గుమ్మంలో కూర్చుని, ఎవరేం తెస్తారా అని దారి చూసేవాడట. తెచ్చినవాళ్లకు దణ్ణం పెట్టేవాడు. తేనివాళ్లకూ పెట్టేవాడు. ఆ రెండో దణ్ణాన్ని నాంచారమ్మ మరిచిపోలేకపోయింది.

ఆ మాట తగిలి గవర్రాజు కూడా ఆ ఏడాది నాలుగు టెంకలు పాతాడు. దీపావళి దాటేసరికి నాలుక పీకడం మొదలైంది. మొలకెత్తిన టెంక పగలగొడితే లోపల తెల్లటి బుర్రగుంజు ఉంటుంది, నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. ఒక్కటే అనుకుని తవ్వాడు. రుచి మరిగిన నోరు ఒక్కదానితో ఊరుకుంటుందా? నాలుగూ అయిపోయాయి. వచ్చే ఏడు పాతుదాంలే అనుకున్నాడు. వచ్చే ఏడు కూడా అదే అనుకున్నాడు. అలా అనుకోవడంలోనే వాడి పడుచుదనం గడిచిపోయింది.

ఏళ్లు గడిచాయి. నక్కకు అంత ఆయుష్షా అని అడగకండి, కథలో నక్క ఆయుష్షు గట్టిది. గవర్రాజుకు మోకాళ్లు పట్టేశాయి. ఒడ్డున పీతలు వాణ్ణి చూసి పరిగెత్తడం మానేసి తీరిగ్గా నడిచి వెళ్లేవి. నాంచారమ్మ కాళ్లూ పోయాయి గానీ, గుమ్మం ముందు తాళ్లు తోపుగా నిలబడ్డాయి. పండు తనే వచ్చి పడేది, ఆవిడ పడుకునే తినేది.

వయసు గవర్రాజు పళ్లు రాల్చింది గానీ జిత్తులు రాల్చలేదు. ఏ చెట్టుకూ కాయ లేని చలికాలంలో దిబ్బ కింద ఉండే తాబేలు తాతను సాక్షిగా వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పట్లో టెంకలు ఇద్దరమూ పాతామని, కాబట్టి తన వాటా చెట్టు తనకు ఇచ్చెయ్యమని అన్నాడు. ఎవరి టెంకలు ఎవరి కడుపులోకి పోయాయో నాంచారమ్మకు తెలుసు. అయినా తగువుకు దిగలేదు.

"ఏ చెట్టు కావాలో తీసుకో. కానీ ముందు నన్నొక మాట అడుగు."

"అడిగితే ఏ గిడసబారినదో అంటగడతావు. నేనే ఏరుకుంటాను. ఏరుకున్నాక ఇద్దరిలో ఎవరమూ మాట మార్చకూడదు, తాతే సాక్షి."

తోపంతా తిరిగి, అన్నిటికన్నా లావుగా, ఎత్తుగా ఉన్న చెట్టును ఏరుకున్నాడు. తాబేలు తాత ఆ చెట్టుకేసి చూసి, ఒకసారి దగ్గి, తల లోపలికి లాక్కున్నాడు.

వేసవిలో మిగతా తాళ్లన్నీ గెలలు వేశాయి. గవర్రాజు చెట్టు పొడుగాటి పూత పూసి ఊరుకుంది. లేటుగా కాసే రకమని వాడు దారినపోయేవాళ్లకు చెప్పుకున్నాడు. భాద్రపదం వచ్చింది. చుట్టూ దబ్బుదబ్బుమంటున్నా వాడి చెట్టు కింద ఆకు చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి తాబేలును పిలిచి అడిగాడు.

"అది పోతుతాడి నాయనా. పూస్తుంది, కాయదు. ఏ టెంక పోతవుతుందో ముందు తెలియదు, అందుకే ఆ అమ్మి ఒక్క టెంకతో సరిపెట్టుకోలేదు. నిన్ను అడగమన్నది కూడా ఆ మాటే."

పక్క చెట్టు కిందికి పోదామంటే తన మాటే తనకు అడ్డమైంది. గవర్రాజు అక్కడే పడి మూలగడం మొదలుపెట్టాడు. ఆకలి మూలుగు అబద్ధమాడదు. అది వింటుంటే నాంచారమ్మకు ఒకపక్క ఒళ్లు మండింది, ఒకపక్క కడుపు తరుక్కుపోయింది.

"తమ్ముడూ, ఆ మూలిగేదేదో ఇటొచ్చి నా చెట్టు కింద మూలుగు."

గవర్రాజు పాక్కుంటూ వచ్చి పడుకున్నాడో లేదో, మిగలముగ్గిన పండొకటి సూటిగా వాడి నడినెత్తిన పడింది. కళ్లు బైర్లు కమ్మినా పండును మాత్రం వదల్లేదు. తిని, మూతి తుడుచుకుని, రెండు ముందుకాళ్లూ ఎత్తి ఆవిడకు దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణాన్ని నాంచారమ్మ ఎరుగును. చూడలేక మొహం తిప్పుకుంది.

"దణ్ణాలొద్దు. టెంక పారెయ్యకు, పాతు. ఎవరికో పనికొస్తుంది."

తాటిమట్ట మీది కాకి ఒకటి పండు పడటం మాత్రమే చూసి, అయ్యో, మూలిగే నక్క మీద తాటిపండు పడిందని ఊరంతా చాటింది. జనం ఈ రోజుకీ అదే చెప్పుకుని జాలిపడుతున్నారు. ఆ పండు పడ్డందుకు గవర్రాజు ఎంత సంతోషించాడో కాకికేం తెలుసు?

మూలిగే రోజున పండు రాలాలంటే, గెంతే రోజునే టెంక పాతాలి.