గంగులమ్మ పొట్ట, జోగారావు నియమం

నల్లకోన అడవిలో జబ్బు చేస్తే దిక్కులేదని ఏ జంతువూ ఏడవనక్కర్లేదు. ఏటా కాపు దిగగానే ప్రతి జీవీ తనకు దొరికిన దాంట్లో ఓ వాటా తెచ్చి సంఘం గుహలో వేస్తుంది. ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా వైద్యుడికి ఇవ్వాల్సింది ఆ గుహలోంచే ఇస్తారు. గుహకు పెత్తందారు నక్క జోగారావు. వాటాలు పుచ్చుకునేటప్పుడు అతగాడికి మర్యాద ఎక్కువ, ఇచ్చేటప్పుడు మాత్రం నీతులు ఎక్కువ.

ఎలుగుబంటి గంగులమ్మ ఏనాడూ వాటా ఎగ్గొట్టలేదు. పాపం, ఆవిడ ఒళ్ళే ఆవిడకు శత్రువైంది. ఇప్పపూలు మానేసింది, తేనె మానేసింది, అయినా పిసరంత తగ్గలేదు. మోకాళ్ళు పట్టేశాయి. నిద్రలో ఊపిరాగి ఉలిక్కిపడి లేచేది. ఎండలు ముదిరితే కింద వాగు ఎండిపోతుంది, నీళ్ళ కోసం అందరూ కొండమీది ఊటకు ఎక్కాల్సిందే. ఎక్కలేనివాళ్ళు గొంతెండి చావాల్సిందే.

"ఇది పథ్యాలతో అయ్యే పని కాదు గంగులమ్మా," అన్నాడు కొంగ వైద్యుడు. "పొట్టలో సంచి కోసి చిన్నది చేసి కుట్టాలి. ఎండలు రాకముందే చేయించుకో."

గంగులమ్మ ఆయాసపడుతూ గుహకు వెళ్ళింది. జోగారావు ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసి పళ్ళికిలించాడు.

"నాజూకు కోసం కోతలేంటి వదినా, ఈ వయసులో? కాస్త నోరు కట్టుకో, పొద్దున్నే నడువు. తిండి వల్ల వచ్చింది జబ్బు కాదు. సంఘం ఇవ్వదు."

వెనక కోతులు కిసకిస నవ్వాయి. గంగులమ్మకు తల కొట్టేసినట్టయింది. వచ్చేసి, పొదలో కూర్చుని కుమిలికుమిలి ఏడ్చింది.

ఆ ఏడుపు విని పొరుగున ఉండే ముళ్ళపంది పోలయ్య వచ్చాడు.

"ఏం చెయ్యను మామా? వాగవతల దుమ్ములగొండి చవగ్గా కోస్తాడట, వెళ్ళనా?"

"వాడు కోసినవాళ్ళు మళ్ళీ కనబళ్ళేదే అమ్మాయ్!"

"పోనీ, కొంగకు విడతలవారీగా తేనె ఇస్తానంటే?"

"చెట్టెక్కలేనిదానివి, తేనె ఎక్కణ్ణుంచి తెస్తావ్? అయినా నీ వాటా వేసిన గుహ ఉండగా ఈ తిప్పలెందుకు? మన కట్టుబాటు మరిచిపోయావా? సాయం కాదన్నవాడు ఎందుకు కాదన్నాడో సభలో చెప్పాలి. ఆ మాట అందరికీ ఒకేలా వర్తించాలి, గుహలోంచి వెనక ఇచ్చిన సాయాలకు కూడా. సిగ్గుపడి ఎవరూ సభ అడగరు కాబట్టే వాడి ఆటలు సాగుతున్నాయి."

గంగులమ్మ ఏడుపు ఆగింది. కొంచెం ఆలోచించి, "నిరుడు పులిదొర పన్ను ఎందుకు విరిగింది మామా?" అంది.

పోలయ్య ముళ్ళన్నీ నిక్కబొడుచుకునేలా నవ్వాడు.

సభ కూడింది. పెద్దబండ మీద పులిదొర కూర్చున్నాడు. కొంగ వైద్యుడు ముందుకొచ్చి గంగులమ్మ ఊపిరి సంగతి, మోకాళ్ళ సంగతి విడమరిచి చెప్పాడు. జోగారావు ఆవలించాడు.

"జోగారావు గారూ," అంది గంగులమ్మ వినయంగా, "నాకెందుకు కాదన్నారో అందరికీ చెప్పండి. కాస్త గట్టిగా. నా చెవులకు కూడా కొవ్వు పట్టింది."

అందరూ నవ్వారు. జోగారావుకు హుషారెక్కింది. తోక ఊపుకుంటూ గొంతెత్తాడు.

"తిండి వల్ల వచ్చిందేదీ జబ్బు కాదు! అలాంటిదానికి సంఘం చిల్లిగవ్వ ఇవ్వదు!"

"ఎవరికైనా అంతేనా?"

"ఎవరికైనా అంతే! నియమమంటే నియమమే!"

"మంచిది బాబూ." గంగులమ్మ బండవైపు తిరిగి చేతులు జోడించింది. "దొరగారూ, తమరు అడవిపంది ఎముక కొరికి పన్ను విరగ్గొట్టుకున్నారు. ఆ వైద్యానికి పోయిందంతా మళ్ళీ గుహలో వెయ్యాలి మరి. కోతినాయనలారా, పచ్చి నేరేళ్ళు తిని పొట్టలు పట్టుకున్నారుగా, మీరూ వెయ్యాలి. జోగారావు గారు పాచిపోయిన పీతలు మెక్కి ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. అందరికంటే ముందు ఆయనే వెయ్యాలి."

సభలో ఒక్కసారిగా గోల. కోతులు జోగారావు మీద పడి తోక పట్టుకున్నాయి. పులిదొర బండమీంచి మెల్లగా దిగి నక్క ముందు నిలబడ్డాడు.

"నా పన్ను జబ్బా, కాదా?"

"జ... జబ్బే దొరా!"

"మరి గంగులమ్మది?"

"జబ్బే! పెద్ద జబ్బే! ఇవ్వాళే కోయించండి!"

ఆ వారమే కొంగ వైద్యుడు గంగులమ్మ పొట్ట కోసి కుట్టాడు. జోగారావును గుహలోంచి వెళ్ళగొట్టి పెత్తనం పోలయ్యకిచ్చారు. వేసవి ముదిరేసరికి గంగులమ్మ సగానికి సగం తగ్గి, ఆగి ఆగి అయినా సొంత కాళ్ళమీద కొండెక్కి ఊటనీళ్ళు కడుపారా తాగింది. ఆవిడ ఆనందం పట్టలేక కేకపెడితే కోనంతా దద్దరిల్లింది. కింద చేలో చెరుకు దొంగిలించబోయి కాలు బెణికించుకున్న జోగారావుకూ అది వినపడింది. వైద్యం అడిగితే పోలయ్య కాదంటాడు, ఎందుకు కాదన్నాడో సభలో చెబితే దొంగతనం బయటపడుతుంది కదా, అందుకని కిక్కురుమనకుండా కుంటుకుంటూ పోయాడు.

నీతి: కాదన్నారని తల దించుకుని వెనక్కి రాకండి, ఎందుకు కాదో నలుగురి ముందూ చెప్పించండి.