ఉంగాకు జవాబు

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ఒక రాజు. ఆ రాజుకు చదువంటే ప్రాణం. చదువు ఎక్కడ మొదలవుతుందో మాత్రం తెలియదు.

రాజు పేరు శంఖవర్మ. ఊరి నడుమ నల్లరాతితో పెద్ద పాఠశాల కట్టించాడు. స్తంభాల మీద సరస్వతీదేవిని చెక్కించాడు. అయిదో ఏడు వచ్చిన పిల్లలంతా అక్కడికి రావాలని చాటింపు వేయించాడు. మంచి పనే, కాదని ఎవరంటారు?

మరి అయిదేళ్ళ లోపు పిల్లల సంగతో? అదీ వినండి. ఆ ఊరి ఆడవాళ్ళంతా రాజుగారి పట్టుమగ్గాల మీద పనిచేసేవారు. చంటిబిడ్డలు పక్కనుంటే నేత సాగదని, అందరినీ ఒక తొట్టెల ఇంట్లో పెట్టించాడు రాజు. వేళకు పాలు, వేళకు స్నానం, మెత్తటి పొత్తిగుడ్డలు, అన్నీ ఉన్నాయి. మాట మాత్రం లేదు. "అక్షరం ముక్క రాని పసికందులతో మాటలేమిటి? నోరు మెదిపిన పరిచారికకు కొలువు ఉండదు" అని ఆజ్ఞ వేశాడు. తల్లులు పొద్దుగూకాక వచ్చి, నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకుని ఇంటికి పోయేవారు, తెల్లవారకముందే నిద్రలోనే తెచ్చి అప్పగించేవారు.

తొట్టెల ఇంట్లో ఏడుపే వినపడదని రాజు గొప్పగా చెప్పుకునేవాడు. పొరుగు రాజులు వచ్చి, చూసి, మెచ్చుకుని మరీ వెళ్ళేవారు. వాళ్ళ తెలివికి ఎన్ని దండాలు పెట్టాలో నాకు తెలియదు.

అయిదో ఏడు రాగానే పిల్లలు పాఠశాలకు వచ్చేవారు. పలక చేతికిస్తే నేల వంక చూసేవారు. 'అ' అనమంటే గోడ వంక చూసేవారు. మొదటి పంతులు బెత్తం పట్టాడు. పిల్లలు దెబ్బలు తిన్నారు గాని పలకలేదు. రాజు ఆయన్ని పంపేశాడు. రెండో పంతులు బెల్లం ముక్కలు పంచాడు. పిల్లలు బెల్లం తిన్నారు గాని పలకలేదు. రాజు ఆయన్నీ పంపేశాడు. అప్పుడు విరూపాక్షయ్య అనే మూడో పంతులు వచ్చాడు.

విరూపాక్షయ్య బెత్తం పట్టలేదు, బెల్లం తేలేదు. ముందు వరసలో కూర్చున్న పిల్లను పేరు పెట్టి పిలిచాడు. ఆ పిల్ల తలైనా తిప్పలేదు. చెవుడేమో అనుకుని వెనక చిటిక వేశాడు. ఉలిక్కిపడింది. చెవులు ఉన్నాయి, వినిపిస్తోంది, పిలుపు తన కోసమని మాత్రం తెలియదు. వీళ్ళు ఎక్కడ పెరిగారో చూద్దామని తొట్టెల ఇంటికి నడిచాడు.

అక్కడ అంతా శుభ్రంగా ఉంది. గోడ వారనున్న చివరి తొట్టెలో ఒక ఆడపిల్ల పడుకుని ఉంది. బుగ్గన దిష్టిచుక్క కూడా లేదు. మురిపెంగా చూసే కళ్ళే లేనిచోట దిష్టి తగులుతుందన్న బెంగ ఎవరికుంటుంది? పక్కనుంచి పోతున్న పరిచారికను చూసి పిల్ల "ఉంగా" అంది. ఆవిడ ఆగలేదు. ఇంకొకావిడ వచ్చి పాలు పట్టింది. "ఉంగా" అంది పిల్ల. ఆవిడ మూతి తుడిచి వెళ్ళబోయింది. పిల్ల మూడోసారి నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది, గోడవైపు తిరిగిపోయింది.

విరూపాక్షయ్యకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమమ్మా, బిడ్డ అంతగా పిలుస్తుంటే ఊ అనలేవా?"

పరిచారిక తలుపు వంక చూసి గొంతు తగ్గించింది. "నోరు తెరిస్తే నా కూడు పోతుంది, అయ్యవారూ. ఇది కొత్తగా వచ్చింది గనక ఇంకా పిలుస్తోంది. తక్కినవాళ్ళంతా మానేశారు. ఇదీ రేపోమాపో మానేస్తుంది."

ఆయన తొట్టెలోకి వంగి "ఉంగా" అన్నాడు. పిల్ల గబుక్కున ఇటు తిరిగింది. కాళ్ళు తపతపా కొట్టుకుని, బోసినోటితో "ఉంగా, ఉంగా" అంటూ ఇక ఆపలేదు. ఈ గొంతు మూగబోకముందే రాజును కదిలించాలని విరూపాక్షయ్య తిన్నగా కొలువుకు వెళ్ళాడు.

"ఏమయ్యా పంతులూ, పిల్లలు పలికారా?" అన్నాడు రాజు.

విరూపాక్షయ్య జవాబివ్వలేదు.

"నిన్నే అడుగుతున్నాను. చదువు ఎంతదాకా వచ్చింది?"

విరూపాక్షయ్య పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాడు.

రాజు సింహాసనం దిగి వచ్చాడు. చెయ్యి కత్తి పిడి మీద పడింది. "ఎదురుగా నిలబడి అడుగుతుంటే పలకవేం? నేను నీ కంటికి మనిషిలా కనిపించడం లేదా?"

"ఆ పసివాళ్ళు అడుగుతున్నదీ అదే, ప్రభూ" అన్నాడు విరూపాక్షయ్య. "రెండు మాటలకు జవాబు రాకపోతే తమ చెయ్యి కత్తి మీదకు పోయింది. తొట్టెల ఇంట్లో బిడ్డలు కళ్ళు తెరిచినప్పటి నుంచీ పిలుస్తున్నారు. వాళ్ళకు కత్తి లేదు. అందుకని పిలవడమే మానుకున్నారు. ఏడుపు లేదని తమరు మురిసిపోతున్నారే, ఏడిస్తే వచ్చేవాళ్ళు లేరని వాళ్ళకు తెలిసిపోయింది. రాతి మీద సరస్వతిని చెక్కించారు, బిడ్డల నాలుక మీది సరస్వతిని తరిమేశారు. కావాలంటే నా తల తీయించండి. కానీ గోడ పక్కన ఒక పిల్ల ఇంకా పిలుస్తోంది. ముందు దానికి జవాబు చెప్పండి."

రాజు కత్తి వదిలి, చెప్పులైనా తొడుక్కోకుండా తొట్టెల ఇంటికి నడిచాడు. చివరి తొట్టెలోకి వంగాడు. "ఉంగా" అంది పిల్ల. రాజు గొంతు సవరించుకుని, శాసనం చదివినట్టే "ఉంగా" అన్నాడు. పిల్ల కిలకిలా నవ్వింది. రాజు తక్కిన తొట్టెల దగ్గరా వంగి పిలిచాడు. ఒక్క తలా తిరగలేదు. అప్పుడు రాజుకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆలస్యంగా వచ్చిన కన్నీళ్ళు. నేనైతే వాటిని చూసి జాలిపడను.

ఆ మరునాడే తొట్టెలన్నీ మగ్గాల పక్కకు చేరాయి. తల్లులు నేస్తూ నేస్తూ బిడ్డలతో ఊసులాడారు. పరిచారికలు నోరారా కబుర్లు చెప్పారు. నేత కాస్త నెమ్మదించింది గాని, కొంపలేమీ మునగలేదు. విరూపాక్షయ్య పెద్దపిల్లల పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి మాట్లాడాడు. కొందరు మెల్లగా పలికారు. కొందరు ఎంతకీ పలకలేదు. పోగొట్టిన ఆ ఏళ్ళను తెచ్చిచ్చే రాజు ఎక్కడా పుట్టలేదు.

గోడ పక్క పిల్ల మాత్రం అయిదో ఏట పాఠశాల మెట్లెక్కుతూనే స్తంభం వంక వేలు చూపించింది. "అయ్యవారూ, ఈ అమ్మ ఎందుకు మాట్లాడదు? చిన్నప్పుడు ఈమెతో ఎవరూ మాట్లాడలేదా?"

కనుక బిడ్డ పిలిస్తే ముందు పలకాలి. చేతికి పలక ఇవ్వడం ఆ తర్వాతి మాట.