నానని గొడ్డలి కామ

అనగనగా యూదయ కొండల్లో ఒక ఊళ్ళో, రెండో నెల పద్నాలుగో రోజున జరిగిందమ్మా ఇది. నాలుగు రోజులుగా ఎడారి వైపు నుంచి ఒకటే వడగాలి. అలాంటి ఎండలకి గొడ్డలి కామ, అదే కర్రపిడి, ఎండి సన్నబడుతుంది, ఇనప తల వదులవుతుంది. అందుకని ముందురోజే నీళ్ళలో నానబెడతారు. మీ ముత్తాత పార కామకి కూడా అంతే చేసేవాడు, సరే, అది వేరే సంగతి.

ఇత్తయి కట్టెలు కొట్టేవాడు. అతని గొడ్డలి విరిగింది. అప్పుడు స్నేహితుడు హేలెదు తన అన్న జెరహు దగ్గర ఒకటి ఇప్పించాడు.

"కామ నానబెట్టావా?" అన్నాడు ఇత్తయి.

"తెల్లవార్లూ నానింది. పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి కూడా ఇవ్వాలా?" అన్నాడు జెరహు.

నానబెట్టలేదు. బద్ధకం.

మూడో దెబ్బకి తల ఊడి, పక్కనున్న హేలెదు కణతకి తగిలింది. అక్కడికక్కడే పోయాడు.

ఆ దేశంలో చనిపోయినవాడి అన్నదమ్ములు చంపినవాణ్ణి చంపొచ్చు. పొరపాటున చంపినవాడు ఆశ్రయపురం చేరితే మాత్రం ముట్టుకోకూడదు. ఇత్తయి పరుగెత్తాడు. వెనకాలే కత్తి పట్టుకుని జెరహు.

పురద్వారం దగ్గర పెద్దలు మూడు ప్రశ్నలు వేశారు. పగ ఉందా? లేదు. పొంచి ఉన్నావా? లేదు. కావాలని కొట్టావా? లేదు.

"నాలుగోది కూడా అడగండి. కామ నానబెట్టనిది ఎవరో అడగండి," అన్నాడు ఇత్తయి.

"చట్టంలో మూడే ఉన్నాయి నాయనా," అన్నారు పెద్దలు.

ఇత్తయికి ఒళ్ళు మండిపోయింది. ప్రధాన యాజకుడు చనిపోయేదాకా అతను ఆ ఊరు దాటకూడదట. దాటితే జెరహు చంపొచ్చట. జెరహుకి మాత్రం ఏ శిక్షా లేదు.

ఆ తర్వాత యాజకుడి తల్లి రొట్టెలు, బట్టలు మోసుకొచ్చింది. ఇలా దాక్కున్నవాళ్ళు తన కొడుకు చావు కోరకుండా తల్లి ఏటా పెట్టిపోవడం అక్కడి ఆచారం. మొదటి ఏడు ఇత్తయి రొట్టె విసిరేశాడు. రెండో ఏడు తిన్నాడు. మూడో ఏడు నోరు విప్పాడు.

"మీ అబ్బాయి చావు కోరనమ్మా. కానీ జెరహు మీద కోపం మానమని అడగకండి."

"అడగను నాయనా. నేను మావాడి కోసమే వచ్చాను," అందావిడ.

తొమ్మిదో ఏట యాజకుడు పోయాడు. అప్పుడు ఇత్తయి ఊరికొచ్చి, నేరుగా జెరహు కళ్ళంలో నిలబడ్డాడు.

"నీ తమ్ముణ్ణి మనిద్దరం చంపాం. తొమ్మిదేళ్ళు నేనొక్కణ్ణే మోశాను," అన్నాడు.

"చట్టం నిన్ను వదిలేసింది. నన్ను పట్టుకోలేదు. తప్పుకో, గాలికి అడ్డంగా ఉన్నావు," అని జెరహు గోధుమలు తూర్పారబట్టుకున్నాడు.

యాజకుడి అంగీ అతని కొడుక్కి వచ్చింది. ఇత్తయికి కూలిన ఇల్లు మిగిలింది. హేలెదుకి పిల్లల్లేరు గనక పొలం జెరహుది. పిల్లల్లేకుండా పోయినవాడి భార్యని అతని అన్నదమ్ముడే పెళ్ళాడాలని అక్కడి ఆచారం. జెరహు హేలెదు భార్య నయరాని ఏలుకోనన్నాడు గానీ, ఆమె పెంచిన ద్రాక్షతోటని మాత్రం ఏలుకున్నాడు. నయరాకి ఏమీ రాలేదు.

కథ వెళ్ళె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
నయరా పాపం ఒక్కతే
వెళ్ళలేదే ఇంటికి.